అమలాపురం వైపు జనం తక్కువ, నీడ ఎక్కువ ఉన్న బీచ్ ఏదండీ? అమ్మని తీసుకెళ్ళాలి

మండపేట_మనవడు:

అందరికీ నమస్కారం. మాది మండపేట దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. సంక్రాంతికి పది రోజులు సెలవు పెట్టి వస్తున్నాం. ఈసారి అమ్మ ఒకటే అడిగింది, సముద్రం చూపించరా అని. నవ్వకండి. గోదావరి పక్కనే పుట్టి పెరిగిన మనిషి, ధవళేశ్వరం బ్యారేజీ మీద ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు, కానీ సముద్రం చూసి ముప్పై ఏళ్ళు దాటిందట. అది కూడా అంతర్వేది తీర్థంలో, నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుంటే తను వెనకాల సంచులు మోసుకుంటూ నడిచిందట, ఆ జనంలో సముద్రం కన్నా తలకాయలే ఎక్కువ చూశాను అంటుంది.

ఇప్పుడు అమ్మకి 72. మోకాళ్ళ నొప్పులు, ఇసకలో నాలుగడుగులు వేస్తే ఆయాసం, కింద కూర్చుంటే లేవలేదు, ఎండ తగిలితే తలనొప్పి. పిల్లలు ఇద్దరు, 9 ఏళ్ళు, 5 ఏళ్ళు. అక్కా బావా కూడా వస్తారు. ఇంట్లోంచి వంట చేసుకుని పట్టుకెళ్ళి, నీడలో కూర్చుని తిని, సాయంత్రానికి ఇంటికి వచ్చేయాలి, అంతే ప్లాను.

పోయిన కార్తీకంలో ఓ ఆదివారం పేరుపాలెం వెళ్ళాం. తప్పు మాదేలెండి, కార్తీక ఆదివారం వెళ్ళడమేంటి. కారు పెట్టడానికే గంట పట్టింది, పక్క గ్రూపు వాళ్ళ స్పీకర్ దెబ్బకి మా పప్పు గిన్నె మీద మూత టపటపలాడింది. అలాంటిది వద్దు.

ఎస్.యానం అని ఎవరో చెప్పారు. మ్యాప్‌లో యానం బీచ్ అని కొడితే నన్ను ఎదుర్లంక వంతెన ఎక్కించి పుదుచ్చేరి వాళ్ళ యానాం తీసుకెళ్తోంది. ఏది కరెక్టు? ముక్కనుమ రోజు వెళ్దామనుకుంటున్నాం. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఉప్పలగుప్తం_కుర్రోడు:

ఆయ్, ముందు ఆ మ్యాప్ కట్టేయండి. మన దగ్గర యానాలు మూడు. యానాం గౌతమి గట్టున ఉంటుంది, పుదుచ్చేరి వాళ్ళది, అక్కడ గోదావరి చూస్తారు గానీ మీరడిగిన సముద్రం కాదు. చిర్రయానం కాట్రేనికోన మండలం. మీక్కావాల్సింది ఎస్.యానం, అంటే సురసాని యానం, మా ఉప్పలగుప్తం మండలం. అమలాపురం వచ్చి ఉప్పలగుప్తం అని అడిగితే ఎవరైనా చెప్తారు. ఉప్పలగుప్తం దాటాక రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటాయి, పిల్లలు అదే బీచ్ అనుకుని గోల చేస్తారు, కంగారు పడకండి. కొబ్బరి చెట్లు పలచబడి సరుగుడు తోటలు మొదలయ్యాయంటే వచ్చేసినట్టే.

రెండోది, ముక్కనుమ వద్దు. పండగ మూడు రోజులు ఇంటిపట్టున ఉన్నవాళ్ళంతా ఆ రోజే బిర్యానీ గిన్నెలతో దిగుతారు. ఆ ముందు రోజు కనుమ ఇంకా వద్దు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంబాజీపేట చుట్టుపక్కల రోడ్లన్నీ ప్రభలవే, మీరు రావులపాలెం, కొత్తపేట మీదుగా వస్తే సరిగ్గా అందులోనే ఇరుక్కుంటారు. భోగికి ముందు రోజు రండి. అందరూ పిండివంటల్లోనూ కోడిపందేల బరులు సిద్ధం చేసుకోవడంలోనూ ఉంటారు, సముద్రం మీ ఒక్కరిదే.

నీడ సంగతి. అక్కడ గొడుగులూ బల్లలూ ఉంటాయని రాకండి, ఉంటే మీ అదృష్టం. నీడంటే సరుగుడు తోటే. కింద ఆకు రాలి పరుపులా మెత్తగా ఉంటుంది, చాప వేస్తే చాలు. కాకపోతే ఆ ఆకులోనే సరుగుడు కాయలు ఉంటాయి, గోళీకాయంత, ఒళ్ళంతా ముళ్ళు. చెప్పులు విప్పే ముందు పిల్లలకి చెప్పండి. అమ్మగారికి కుర్చీ తెచ్చుకోండి, ప్లాస్టిక్‌ది వద్దు, కాళ్ళు ఇసకలోకి దిగబడి ఓ పక్కకి ఒరిగిపోతుంది. మడత మంచం ఉంటే అది తెచ్చుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

తాగడానికే కాదు, చేతులు కడుక్కోవడానిక్కూడా నీళ్ళ క్యాన్లు కావాలి. ఆ చుట్టుపక్కల బోరు నీళ్ళు ఉప్పన. బాత్రూం అమలాపురంలోనే చూసుకుని బయల్దేరడం మంచిది, ముఖ్యంగా ఆడవాళ్ళకి.

భీమవరం_బుల్లోడు:

పేరుపాలెం మీద పడిపోతారేంటండీ అందరూ. కార్తీక ఆదివారం శివాలయానికి వెళ్ళినా అంతే జనం, అందుకని గుడి మానేస్తామా? మామూలు మంగళవారం పొద్దున్నే మొగల్తూరు మీదుగా రండి, ఎంత ప్రశాంతంగా ఉంటుందో చూద్దురుగాని. వేళాంకణి మాత గుడి ఉంది, వేడి వేడి బజ్జీలు దొరుకుతాయి, పిల్లాడు తడిస్తే కొనడానికి ఓ చొక్కా దొరుకుతుంది. మీరు చెప్పే ఈ ప్రశాంతమైన బీచ్‌లో దాహమేస్తే ఎవర్ని అడుగుతారు, పీతల్నా? పెద్దావిడతో వెళ్ళేటప్పుడు మనుషులున్న చోటే నయం, నా మాట వినండి.

మండపేట_మనవడు:

బుల్లోడు గారూ, మీరన్నదీ నిజమే, కానీ అమ్మకి జనం అంటే భయం పట్టుకుంది. కుర్రోడు గారూ, భోగి ముందు రోజే ఖాయం చేశాను, చాలా థాంక్స్. రెండు డౌట్లు. అక్కడే పొయ్యి పెట్టుకుని వేడిగా చేపలు వేయించుకుందామని బావ పట్టుబడుతున్నాడు, పెట్టొచ్చా? పిల్లలు నీళ్ళలో దిగొచ్చా? పెద్దవాడు హైదరాబాద్‌లో స్విమ్మింగ్ క్లాసులకి వెళ్ళాడు, వాడికి టెన్షన్ లేదు గానీ మా ఆవిడకి ఉంది.

పాత_కరణం:

మీ ఆవిడ మాట వినండి బాబూ. స్విమ్మింగ్ పూల్‌లో నీళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.

నాకు 68 ఏళ్ళు, ఈ తీరం పక్కనే పుట్టాను. మన సముద్రం విశాఖలా కాదు. గోదావరి తెచ్చిన ఒండ్రు మీద కూర్చున్న తీరం ఇది, అడుగున ఇసక ఏ ఏటికి ఆ ఏడు మారిపోతుంటుంది. పోయినసారి మోకాలి లోతు ఉన్నచోట ఈసారి నిలువు లోతు ఉంటుంది, పైన నీళ్ళు బురద రంగు కాబట్టి కనపడదు. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. కెరటాలు తెల్లగా విరుగుతున్న చోటు చూసి భయపడి, పక్కన నీళ్ళు నున్నగా ఉన్న చోట దిగుతారు. అసలు ప్రమాదం అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవడానికి ఓ దారి కావాలి కదా, ఇసక దిబ్బల మధ్య గండిలా పడిన ఆ లోతులోంచే పోతాయి, అందుకే అక్కడ కెరటం విరగదు. అందులో కాలు పెట్టినవాణ్ణి అది లాక్కుపోతుంది. ఒకవేళ ఎవరైనా అలా పోతుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదాలి, ఆ లాగుడు నాలుగు బారల తర్వాత ఉండదు, అప్పుడు కెరటాలే ఒడ్డుకి తోస్తాయి. ఒడ్డునున్నవాళ్ళు చెయ్యాల్సిందేంటంటే వెంటనే దూకకూడదు. ఒకడి కోసం ఇంకొకడు దూకి ఇద్దరూ పోయిన కథలు మా వైపు కావాల్సినన్ని. ఖాళీ నీళ్ళ క్యాన్ మూత బిగించి విసిరినా దాన్ని పట్టుకుని తేలతాడు. 112కి ఫోన్ చేసి, వేటగాళ్ళు ఎవరైనా ఉంటే కేకెయ్యండి.

మొగ దగ్గరికైతే అసలే వెళ్ళకండి. అంతర్వేదిలో వశిష్ఠ కలిసేచోటు గానీ, ఓడలరేవు దగ్గర వైనతేయ కలిసేచోటు గానీ చూడ్డానికి ఎంతో అందం, దిగడానికి అంత చేటు. పోటు వేళ సముద్రం ఏట్లోకి ఎక్కుతుంది, పాటు తగిలాక ఏరూ సముద్రం కలిసి బయటికి తోస్తాయి.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా పైకి వస్తుంది, అష్టమి నవముల దగ్గర నెమ్మదిగా ఉంటుంది. క్యాలెండర్ చూశాను, మీరెళ్ళేది దశమి, ఫరవాలేదు. ముక్కనుమ అయితే అమావాస్యకి ముందు రోజు పడింది, మానుకున్నది మంచిదే. ఇప్పుడు ఫోన్లో కాకినాడ అని కొడితే పోటు టైములు వస్తాయట, మనవడు చూపించాడు. పిల్లల్ని పాదాలు తడిసేవరకు రానివ్వండి, మోకాలు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి.

పొయ్యి సంగతి. సరుగుడు ఆకు కింద పొయ్యి పెడతాననే మీ బావగారికి ఓ దండం పెట్టండి. ఎండిన సరుగుడు ఆకు కిరసనాయిలు పోసినట్టు అంటుకుంటుంది, పైగా సముద్రం గాలి. చేపలు ఇంట్లోనే వేయించుకుని డబ్బాలో పట్టుకెళ్ళమనండి.

ఆ తోటల విలువ మీ పిల్లలకి చెప్పండి వీలైతే. 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి మేము బడిలో తలదాచుకున్నాం. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకుని ఉన్నాయి, దువ్విన జుట్టులా. మా చేలో అప్పట్లో గట్టు మీద రెండు వరసలు సరుగుడు ఉండేది, దాని మొదళ్ళ దగ్గర ఇసక నడుం ఎత్తు మేట వేసి ఆగిపోయింది, వెనక చేను బతికింది. పక్క చేలో సరుగుడు లేదు, ఆ ఇసక తియ్యడానికి వాళ్ళకి రెండేళ్ళు పట్టింది. మీరు చాప వేసుకుని పులిహోర తినే నీడ ఊరికి అడ్డం నిలబడింది కూడా.

సరుగుడు_రైతు:

కరణం గారి మాటకి ఓ చిన్న జోడింపు. మీకు కనపడే తోటలన్నీ ఒకటి కాదండి. ఒడ్డుకి దగ్గరగా అటవీ శాఖ వాళ్ళు గాలికి అడ్డంగా పెంచినవి ఉంటాయి, అవి నరకరు. వెనకాల ఉన్నవి మాలాంటి రైతులవి. నాటిన నాలుగైదేళ్ళకి కొట్టేస్తాం, కొంత పేపరు మిల్లులకి, కొంత ఇళ్ళకి స్లాబు పోసేటప్పుడు కింద ఊతంగా పెట్టే పోటు కర్రలకి, కొమ్మలు వంటచెరుక్కి. కాబట్టి రెండేళ్ళ కిందట ఎవరో పెట్టిన ఫోటో చూసుకుని ఇదే చోటు అని వస్తే అక్కడ నీడ బదులు మోళ్ళు కనపడొచ్చు. అవి కారు టైరుకి మంచివి కావు.

రైతు తోటలో కూర్చుంటే మేమేమీ అనం. కానీ ఓ మాట అడిగి కూర్చోండి, చుట్టుపక్కల ఎవరో ఒకరు ఆకు ఊడుస్తూ ఉంటారు, పొయ్యిలోకి. ఇక సీసాలు. పోయిన జనవరి ఒకటో తారీకు మర్నాడు మా తోటలో రెండు గోనె సంచులు నిండా ఏరాను, ఒకటి పగిలినవి, ఒకటి పగలనివి. ఏరుతుండగా మా పనమ్మాయి అరికాల్లో గాజుముక్క దిగింది. నాలుగు కుట్లు. పార్టీ చేసుకున్నవాళ్ళకి ఆ సంగతి ఎప్పటికీ తెలీదు కదా, అదే నా బాధ.

ఊరి_గుట్టు:

ఇంక చాలు, ఆపండి. ఇలా ఒక్కో బీచ్ పేరూ దారీ టైమూ చెప్పి చెప్పే పేరుపాలెం పేరుపాలెం అయింది. రెండేళ్ళ తర్వాత ఎస్.యానంలో కూడా కారు పెట్టడానికి గంట పడుతుంది, అప్పుడు ఇదే మనవడు గారు చిర్రయానం ఎలా వెళ్ళాలని అడుగుతారు.

ఉప్పలగుప్తం_కుర్రోడు:

అన్నా, మా ఊరి వాళ్ళు కొబ్బరి బోండాలు అమ్ముకునేది వచ్చినవాళ్ళకే. రానివ్వు. చెత్త వేస్తే అప్పుడు తిడదాం.

రాజోలు_రైడర్:

మా వైపు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. బండి మీద మలికిపురం, చింతలమోరి వైపు తిరుగుతుంటాను. జనం ఉండరు, నిజమే, కానీ పెద్దవాళ్ళతో అటు వద్దు. సముద్రం ఏటేటా లోపలికి వస్తోంది, వెళ్ళిన ప్రతిసారీ ఒడ్డు కొత్తగా కనపడుతుంది. పైన ఆనకట్టలూ రిజర్వాయర్లూ ఒండ్రు పట్టేస్తే కిందికి వచ్చేది తగ్గిపోతుంది కదా, కోసిన చోట మళ్ళీ పూడేది లేదు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట అయితే పోటు నీళ్ళు చేలల్లోకి ఎక్కి కొబ్బరి చెట్లు తలలు రాలిపోయి ఉత్త కర్రల్లా నిలబడి ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు కరెంటు స్తంభాలేమో అనుకున్నాను. అక్కడ కూర్చుని టిఫిను విప్పాలనిపించదు.

మీరు నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళయితే సఖినేటిపల్లి పంటు ఎక్కించేవాణ్ణి. కార్లూ, బండ్లూ, మనుషులూ, ఓసారి గేదె కూడా, అన్నీ కలిసి వశిష్ఠ దాటడం, పిల్లలకి సముద్రం కన్నా అదే గుర్తుంటుంది. మండపేట నుంచి అది చుట్టుదారి, ఇంకోసారి.

మండపేట_మనవడు:

వెళ్ళొచ్చాం! చెప్పిన అందరికీ రుణపడి ఉంటాను, అందుకే వివరంగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరాం. జొన్నాడ వంతెన మీద మంచు, గోదావరి కనపడలేదు. రావులపాలెంలో చక్కెరకేళి అరటిపళ్ళు ఓ హస్తం కొని, అమలాపురంలో టిఫిన్లు, బాత్రూములు అన్నీ కానిచ్చుకుని ఎనిమిదిన్నరకి ఉప్పలగుప్తం దాటాం. కుర్రోడు గారు చెప్పినట్టే చిన్నది ఏరియేటర్లు చూసి "నాన్నా సముద్రం" అని అరిచింది.

మొదటి తప్పు అక్కడే జరిగింది, నాది కాదు. తారు రోడ్డు అయిపోయిన చోట కారు పెట్టేసి నడుద్దాం అన్నాను. బావ, అత్తయ్య నడవలేరు, తోటలోకే తీసుకెళ్తాను అని ఇసక బాట పట్టించాడు. అమ్మ కోసం అన్నాడు కాబట్టి ఏమీ అనలేకపోయాను. అరవై డెబ్భై గజాలు పోయాక ముందు చక్రాలు బుస్సున దిగబడ్డాయి. ఇంకా ఎక్సలేటర్ తొక్కితే ఇంకా దిగింది, ఇసక వెనకాల నిలబడ్డ నా మొహం మీద. ఆ టైముకి అలివి వల లాగి వస్తున్న నలుగురు వచ్చి చూసి, ఒకాయన బావ వంక అదోలా చూసి "తొక్కకండి బాబూ, తొక్కితే సముద్రందాకా పోద్ది" అన్నాడు. టైర్లలో గాలి సగం తీయించారు. చక్రాల వెనక చేత్తో ఇసక తోడి కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచారు. స్టీరింగు తిన్నగా పెట్టి, రివర్సులో, మెల్లగా, మేమందరం ముందు నుంచి తోస్తే మూడోసారికి బయటికి వచ్చింది. ఐదొందలు అడిగారు, బేరమాడకుండా ఇచ్చా. తిరిగి వెళ్ళేటప్పుడు ఉప్పలగుప్తందాకా సగం గాలితో పాకుతూ వెళ్ళాం.

అమ్మని ఎలా తీసుకెళ్ళామంటే, వాళ్ళలోనే ఒకాయన సలహా ఇచ్చాడు, ఎండిన ఇసకలో కాదు, తోట అంచునే ఆకు రాలిన దారి గట్టిగా ఉంటుంది, అటు నడిపించండని. నిజంగానే చెప్పులు దిగబడలేదు. అక్క ఓ చెయ్యి, నేనో చెయ్యి, మధ్యలో రెండుసార్లు ఆగాం. మడత మంచం అటవీ శాఖ వాళ్ళ తోటలో మొదటి వరస చెట్ల వెనకాల వేశాం, అక్కణ్ణుంచి సముద్రం తిన్నగా కనపడుతుంది, ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది.

అమ్మ కూర్చున్న ఐదు నిమిషాలకి "వాన పడుతోందేంట్రా" అంది. లేదమ్మా, సరుగుడు చెట్ల గాలి అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు నేనూ చెయ్యి బయటికి చాపి చూశాను, నిజంగా అంతలా ఉంటుంది ఆ చప్పుడు. కెరటాల హోరు ఓ పక్క ఉండగానే దాని మీద సన్నగా జల్లు కురుస్తున్నట్టు.

భోజనం పులిహోర, పనసపొట్టు కూర, బావ పట్టుదల కొద్దీ ఇంట్లోనే వేయించిన చేపముక్కలు, గోంగూర పచ్చడి, పెరుగన్నం. ప్రతి ముద్దలోనూ సరుగుడు ఆకు. మొదట ఏరి తిన్నాం, తర్వాత ఏరడం మానేశాం. అమ్మ ఒక ఆకు తీసి వేళ్ళతో లాగితే అది కణుపు కణుపు దగ్గర ఊడి వచ్చింది, దాన్ని మళ్ళీ అతికించి ఎక్కడ విరిచానో చెప్పమని పిల్లల్ని అడిగింది. చిన్నప్పుడు ఆడుకునేవాళ్ళట. అరగంట ఫోన్ అడగలేదు ఇద్దరూ.

నీళ్ళలోకి కరణం గారు చెప్పినంతే. పాటు నడుస్తోంది, తడి ఇసక గట్టిగా ఉంది, నల్లటి చారలు చారలుగా. ఎర్ర పీతలు మేం పది అడుగుల దూరంలో ఉండగానే కన్నాల్లోకి మాయం. పెద్దవాడికి నున్నటి నీళ్ళు ఎక్కడున్నాయో చూపించి ఎందుకు దిగకూడదో చెప్పాను, వాడు తర్వాత వాళ్ళ మామకి నాకన్నా బాగా చెప్పాడు. ఒకచోట తాబేలు చచ్చి పడి ఉంది, డిప్ప రెండడుగుల పైనే ఉంటుంది. చిన్నది ఏడ్చింది. ఎందుకు చచ్చిపోయిందంటే నాకు జవాబు తెలీలేదు.

రెండింటికి ఎండ దిగి మంచం మీదికి వచ్చింది, మంచం జరిపాం. నాలుగింటికి సర్దేశాం. అమ్మ మాత్రం వచ్చేటప్పుడు ఓ కోరిక కోరింది, కాళ్ళు తడుపుకుంటానని. ఇద్దరం పట్టుకుని తీసుకెళ్ళాం, కెరటం వచ్చి పాదాల కింద ఇసక లాక్కుపోతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మీ నాన్న ఉంటే ఇక్కడే పడుకునేవాడు రా, లేపలేక చచ్చేవాళ్ళం" అని నవ్వింది. అంతర్వేదిలో ఏమీ కనపడలేదని ముప్పై ఏళ్ళు దెప్పింది ఆయన్ని.

చెత్త మొత్తం తిరిగి తెచ్చేశాం సరుగుడు రైతు గారూ, మాది కాని మూడు సీసాలు కూడా. ఒక్క చాప మాత్రం మర్చిపోయాం, నీలం చారల ప్లాస్టిక్ చాప. అది మా వల్ల పడ్డ చెత్తే, క్షమించండి.

పాత_కరణం:

తాబేళ్ళు ఈ నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి బాబూ, ఆలివ్ రిడ్లే అంటారు. ఒక్కో గుంటలో వంద దాకా పెడతాయి, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. ఒడ్డుకి వచ్చే దారిలో బోట్ల వలల్లో చిక్కుకుని, పైకొచ్చి గాలి పీల్చుకోలేక పోతాయి చాలా మటుకు. మీ అమ్మాయికి మార్చిలో పిల్లలు పుడతాయని చెప్పండి, ఏడుపు మానుతుంది. మీ అమ్మగారిని అడిగానని చెప్పండి.

భీమవరం_బుల్లోడు:

కారు దిగబడింది కదా. పేరుపాలెంలో అయితే తారు రోడ్డు మీద పెట్టేవారు. నేనేమీ అనట్లేదు.

మండపేట_మనవడు:

బుల్లోడు గారూ, ఆ మాట మా బావకి చూపించాను. ఈ వేసవిలో ముంజల టైముకి మీ పేరుపాలెమే అంటున్నాడు, మంగళవారం.

ఉప్పలగుప్తం_కుర్రోడు:

మీ చాప గురించి బెంగ పెట్టుకోకండి. నిన్న సాయంత్రం అటు వెళ్ళాను, మా వాళ్ళు నలుగురు దాని మీద కూర్చుని పేకాడుతున్నారు. తీసి ఉంచమంటారా, లేక పండగ అయ్యేదాకా ఆడుకోనివ్వనా?